మనవాడే కదా అని సగం డబ్బు ముందే ఇచ్చేయనా?

ఇంగ్లాండ్‌లో రెడింగ్ దగ్గర ఉంటున్న ఒకావిడ చాలా పెద్ద ఉత్తరం రాశారు, పేరు వద్దన్నారు. కుదించి చెప్తున్నా. 2012లో కట్టిన ఎస్టేట్‌లో, అంటే ఇళ్ల కాలనీలో, సెమీ డిటాచ్డ్ (ఒక వైపు గోడ పక్కింటితో కలిసిన) ఇల్లు. అత్తయ్యగారూ మామయ్యగారూ అక్టోబర్‌లో వచ్చి ఆరు నెలలు ఉంటారు. పోయినసారి వచ్చినప్పుడు అత్తయ్యగారు మోకాళ్ల నొప్పులతో చలికాలమంతా కిచెన్ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఎండ కోసం ఎదురుచూశారట, అది చూడలేక ఇంటి వెనక మూడున్నర మీటర్లు బయటకి వచ్చేలా కన్సర్వేటరీ, అంటే అద్దాల గది, కట్టిద్దామనుకున్నారు. చేతిలో 25 వేల పౌండ్లు ఉన్నాయి, అందులో కొంత మామయ్యగారు తణుకు దగ్గర స్థలం అమ్మి పంపింది.

మూడు కొటేషన్లు వచ్చాయి. మొదటిది టీవీలో యాడ్స్ వచ్చే పెద్ద కంపెనీ. సేల్స్‌మన్ సాయంత్రం ఆరింటికి వచ్చి తొమ్మిదిన్నర దాకా కదల్లేదు, 34 వేలు అని మొదలుపెట్టి మేనేజర్‌కి ఫోన్ చేసి చేసి 21,500కి దిగాడు, కానీ ఆ రాత్రే సంతకం పెట్టాలన్నాడు. భర్తగారు "రేటు హోల్డ్ చెయ్యడానికి" అని డెబిట్ కార్డ్ మీద 500 కట్టి ఏదో ఫారం మీద సంతకం పెట్టేశారు. రెండోది భర్తగారి ఫ్రెండ్ ద్వారా వచ్చిన తెలుగు బిల్డర్. వాట్సాప్‌లో ఒక్క మెసేజ్, "13,500 ఆల్ ఇన్, క్యాష్ అయితే వ్యాట్ ఉండదు, సగం అడ్వాన్స్" అని. పైగా ప్యాటియో డోర్ (హాల్ నుంచి వెనక్కి వెళ్లే తలుపు) తీసేసి హాల్‌లో కలిపేద్దాం, రేడియేటర్ (ఇంటి హీటింగ్) పొడిగిద్దాం, పర్మిషన్లేమీ అక్కర్లేదు అన్నాడట. మూడోది ఊళ్లో చిన్న కంపెనీ, 24,600, డిస్కౌంట్ అంటే నవ్వి ఊరుకున్నారట, పదహారు వారాలు ఆగాలన్నారు. వాళ్లొక్కళ్లే వెనక పేవింగ్‌లో ఉన్న మ్యాన్‌హోల్ మూత చూసి "దీని సంగతేంటి" అని అడిగారట.

"ఫ్రెండ్‌ని కాదంటే వాళ్లింటికీ మాకూ రాకపోకలు తెగిపోతాయని మా వారి భయం. డబ్బు పోతే అత్తయ్యగారి ముందు తలెత్తుకోలేనని నా భయం. వీళ్లలో ఎవర్ని నమ్మాలో చెప్పండి" అని ముగించారు.

ముందుగా ఒక మాట చెప్తా, ఏమీ అనుకోకండి. ఎవర్ని నమ్మాలి అని మీరు వేసిన ప్రశ్నకి నా దగ్గరే కాదు ఎవరి దగ్గరా గ్యారంటీగా జవాబు ఉండదు, ఎందుకంటే మంచివాళ్ల కంపెనీ కూడా మునుగుతుంది. సేఫ్‌స్టైల్ అని ఎంత పెద్ద కిటికీల కంపెనీ, 2023 అక్టోబర్‌లో మూతపడింది. ఎవరెస్ట్ అనే ఇంకో కిటికీల కంపెనీ పేరు తెలియని ఇల్లు లేదక్కడ, అది 2020లో ఒకసారి, 2024 ఏప్రిల్‌లో మళ్లీ అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే దివాలా స్థితిలోకి, వెళ్లింది. అలా అయినప్పుడు అడ్వాన్స్ కట్టినవాళ్లు అప్పులవాళ్ల క్యూలో ఎక్కడో చివర నిలబడాల్సిందే. అందుకని నేనైతే ప్రశ్న మార్చి అడుగుతా: పని కళ్లకి కనపడకముందు నా డబ్బు ఎంత వాళ్ల దగ్గర ఉంటుంది, వాళ్లు రేపు లేకపోతే ఆ డబ్బు ఎవరు ఇస్తారు? ఈ రెండిటికీ కాగితం మీద జవాబు ఉంటే మనిషి ఎలాంటివాడు అన్న బెంగ చాలావరకు తగ్గుతుంది.

ఇప్పుడు అర్జెంటుగా చూడాల్సింది ఆ 500. మీ వారు సంతకం పెట్టిన ఫారం తీసి పైనుంచి కిందదాకా చదవండి, అది నిజంగా రేటు హోల్డ్ కాగితమా లేక ఆర్డర్ ఫారమా అనేది. చాలాసార్లు అది ఆర్డరే అయ్యుంటుంది, తర్వాత సర్వేయర్ వచ్చి కొలతలు తీసుకుంటాడు, అప్పుడు రేటు మళ్లీ కదలొచ్చు కూడా. మీ ఇంట్లో కూర్చుని చేసుకున్న కాంట్రాక్ట్‌కి 2013 నాటి కన్స్యూమర్ కాంట్రాక్ట్స్ రెగ్యులేషన్స్ కింద మామూలుగా 14 రోజుల్లో క్యాన్సిల్ చేసుకునే హక్కు ఉంటుంది, కానీ మీ కొలతలకి ప్రత్యేకంగా తయారు చేసే వస్తువులకి అందులో మినహాయింపు ఉంది, కంపెనీలు దాన్నే పట్టుకుంటాయి. కొన్ని కంపెనీలు వాళ్లంతట వాళ్లే కొన్ని రోజుల గడువు కాంట్రాక్ట్‌లో ఇస్తాయి, అదీ చూడండి. వద్దనుకుంటే ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి, ఈరోజే ఈమెయిల్ పెట్టండి, సర్వే కూడా కాలేదు అద్దం కూడా కొయ్యలేదు అని అందులో రాయండి. పేచీ పెడితే సిటిజన్స్ అడ్వైస్ అనే సలహా సంస్థ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యండి, ఫ్రీయే. ఒకవేళ ఆ 500 పోయినా దాన్ని కాపాడుకోవడం కోసం 21 వేలకి కట్టుబడాల్సిన పని లేదు, మీ వారికి ఈ మాట మెల్లగా చెప్పండి, ఎందుకు సంతకం పెట్టావు అని మాత్రం మొదలుపెట్టకండి. మూడున్నర గంటలు ఇంట్లో కూర్చున్న మనిషిని పొమ్మనలేక పెట్టిన సంతకం అది, అలా పెట్టించడానికే ఆ మూడున్నర గంటలు.

34 వేల నుంచి 21,500 అంటారా, ఆషాఢం సేల్‌లో చీర మీద రేటు కొట్టేసి కింద ఇంకో రేటు రాసినట్టే, మొదటి అంకె ఎవరూ ఇచ్చేది కాదు. ఈ రాత్రికే అనే రేటు వచ్చే వారం కూడా ఉంటుంది, ఒక్కోసారి ఇంకా తగ్గుతుంది. అలాగని పెద్ద కంపెనీ చెడ్డదని కాదు. వాళ్లకి ఫైనాన్స్ ఉంటుంది, కంప్లైంట్ తీసుకోవడానికి ఒక ఆఫీసు ఉంటుంది. కానీ పునాది తవ్వేదీ గోడ కట్టేదీ చాలాసార్లు సబ్ కాంట్రాక్టర్లే, కాబట్టి మీరు నమ్మేది పేరుని, పని చేసేది మాత్రం మీరెప్పుడూ చూడని మనుషులు.

ఆ సేల్స్‌మన్ చూపించిన ఫెన్సా లోగో గురించి కూడా రాశారు కదా, "ప్రభుత్వ గుర్తింపు" అన్నాడని. ఫెన్సా 2002లో వచ్చింది, పాత ఇంటికి కిటికీలు తలుపులు మార్చినప్పుడు అవి బిల్డింగ్ రెగ్యులేషన్స్ (ఇల్లు ఎలా కట్టాలో చెప్పే ప్రభుత్వ రూల్స్) ప్రకారం ఉన్నాయని సర్టిఫై చేసే స్కీమ్ అది. కొత్త కన్సర్వేటరీ దాని కిందకి రాదు. లోగో అబద్ధం కాకపోవచ్చు, మీ పనికి సంబంధం లేనిది, అంతే. మీరు అడగాల్సినవి వేరే: ట్రస్ట్‌మార్క్‌లో (ప్రభుత్వం ఆమోదించిన పనివాళ్ల స్కీమ్) ఉన్నారా, జీజీఎఫ్ (అద్దాల కంపెనీల సంఘం) మెంబరా, కొన్నవాళ్ల ఫిర్యాదులు చూసే డీజీసీఓఎస్ లేదా హెచ్‌ఐఈఎస్ లాంటి స్కీమ్‌లో ఉన్నారా, నా అడ్వాన్స్‌కి ఇన్సూరెన్స్ ఉందా, ఉంటే ఎంత శాతం దాకా. జవాబు ఏదైనా కంపెనీ బ్రోషర్ చూసి నమ్మకుండా ఆ స్కీమ్ వాళ్ల దగ్గరే పేరు కొట్టి చూసుకోండి, రెండు నిమిషాల పని.

ఇక మనవాడి దగ్గరకి వద్దాం, అసలు ముడి ఇక్కడే ఉంది. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్లు సామెతలోనే చెప్పారు, పూర్తిగా రాస్తే బాగుండదు కాబట్టి రాయను. ఆయన మోసగాడని నేను అనట్లేదు, మంచి పనివాడే అయ్యుండొచ్చు. కానీ ఆయన చెప్పిన ప్లాన్‌లోనే తేడా ఉంది. ఇంగ్లాండ్‌లో కన్సర్వేటరీకి బిల్డింగ్ రెగ్యులేషన్స్ అక్కర్లేదు అనేది నిజమే, కానీ అది కొన్ని షరతుల మీద. నేలమట్టంలో ఉండాలి, 30 చదరపు మీటర్ల లోపు ఉండాలి, ఇంటికీ దానికీ మధ్య బయటి తలుపుకి ఉండే క్వాలిటీ తలుపు అలాగే ఉండాలి, ఇంటి హీటింగ్‌ని అందులోకి పొడిగించకూడదు, అద్దాలూ కరెంటు పనీ రూల్స్ ప్రకారం ఉండాలి. ఆయనేమో తలుపు తీసేస్తా, రేడియేటర్ పొడిగిస్తా అంటున్నారు. ఆ రెండిట్లో ఏది చేసినా అది మినహాయింపు ఉన్న కన్సర్వేటరీ కాదు, ఎక్స్‌టెన్షన్ కింద లెక్క, ఆ రూల్స్ అమలు చూసే బిల్డింగ్ కంట్రోల్ వాళ్ల అప్రూవల్ కావాలి. అది లేకుండా కట్టేస్తే ఇప్పుడు ఎవరూ అడగకపోవచ్చు, ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ల సొలిసిటర్ (లాయర్) అడుగుతాడు సర్టిఫికెట్ ఏదీ అని, అప్పుడు చేతిలో ఏమీ ఉండదు. పైగా మధ్యలో తలుపు లేని అద్దాల గది అంటే చలికాలంలో మీ హాల్ వేడంతా అందులోంచి బయటకి పోతుంది, గ్యాస్ బిల్లు చూసి మామయ్యగారే ముందు కంగారు పడతారు.

క్యాష్ అయితే వ్యాట్ లేదు అన్నది రెండో తేడా. ఏడాదికి 90 వేల పౌండ్ల లోపు వ్యాపారం ఉన్న చిన్న బిల్డర్ వ్యాట్‌కి రిజిస్టర్ కాకపోవచ్చు, అందులో తప్పేమీ లేదు, కానీ అలాంటివాడు క్యాష్ ఇచ్చినా బ్యాంకులో వేసినా ఒకటే రేటు చెప్తాడు. క్యాష్‌కి ఒక రేటు బిల్లుకి ఒక రేటు అంటే బిల్లు ఉండదన్నమాట, బిల్లు లేకపోతే రేపు కప్పు కారినా పునాది కుంగినా ఏం చెయ్యమని ఒప్పుకున్నాడో నిరూపించడం మీ వల్ల కాదు. 2015 కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ మీ వైపే ఉంటుంది, చట్టం ఉంటే సరిపోదు కదా, చూపించడానికి కాగితం కావాలి.

మరి స్నేహం? నేనైతే వద్దు అని చెప్పను, ఇలా అయితే సరే అని చెప్తా. మీ వారి చేత ఫ్రెండ్‌కి ఇలా ఫోన్ చేయించండి: "అన్నా, ఇందులో నాన్నగారు పంపిన డబ్బు ఉంది, ఆయనకి ప్రతి పైసాకీ లెక్క చూపించాలి. రాతపూర్వకంగా కొటేషన్, ఇన్‌వాయిస్, బిల్డర్ పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ (పనిలో ఇతరులకి నష్టం జరిగితే చెల్లించేది) కాపీ కావాలి, డబ్బు పని జరిగిన కొద్దీ ఇస్తాం, తలుపు అలాగే ఉంచుదాం." అబద్ధం కాదు, నిజంగానే మామయ్యగారి డబ్బు అందులో ఉంది. పెద్దవాళ్ల పేరు చెప్తే మనవాళ్లలో ఎవరూ తప్పు పట్టరు. బిల్డర్ ఒప్పుకుంటే పది వేలు మిగిలే అవకాశం ఉన్నట్టే, తలుపు ఉంచితే రేటు ఇంకాస్త మారొచ్చు కూడా. ఒప్పుకోకపోతే తప్పుకున్నది ఆయన, మీరు కాదు. ఎలా అయినా సగం అడ్వాన్స్ మాత్రం ఎవరికీ, ఎంత మనవాడైనా, ఇవ్వకండి. ఇచ్చాక పని ఆగిపోతే డబ్బుతో పాటు స్నేహం కూడా పోతుంది, అప్పుడు పోయేది ఇప్పటికంటే చేదుగా పోతుంది.

మూడో కంపెనీ నాకు నచ్చింది, మ్యాన్‌హోల్ మూత వల్ల. దాని కింద డ్రెయిన్ ఉంది, అది పక్కింటిది కూడా మోస్తుంటే వాటర్ కంపెనీదే అయ్యుండొచ్చు, అలా అయితే దానికి 3 మీటర్ల లోపు కట్టాలంటే వాళ్ల బిల్డ్ ఓవర్ పర్మిషన్ (డ్రెయిన్ మీద, పక్కన కట్టడానికి అనుమతి) తీసుకోవాలి. మిగతా ఇద్దరూ ఆ మూత గురించి ఒక్క మాట అనలేదంటే చూడలేదా, చూసీ తర్వాత ఎక్స్‌ట్రాలో వేద్దామనుకున్నారా మీరే ఆలోచించండి. కానీ నచ్చింది కదా అని వాళ్లకీ కళ్లు మూసుకుని ఇవ్వకండి. కంపెనీస్ హౌస్‌ (కంపెనీల ప్రభుత్వ రిజిస్టర్) సైట్‌లో పేరు కొడితే ఎప్పుడు పెట్టారో, డైరెక్టర్లు ఎవరో, అకౌంట్లు టైముకి వేస్తున్నారో ఫ్రీగా కనపడుతుంది. డైరెక్టర్ పేరు మీద నొక్కి ఆయన పాత కంపెనీలు చూడండి, ముప్పై ఏళ్ల అనుభవం అని బోర్డు, కంపెనీ వయసు మాత్రం రెండేళ్లు, వెనక మూసేసిన కంపెనీలు నాలుగు, ఇలా ఉంటే పదేళ్ల గ్యారంటీ ఇచ్చేది ఎవరు? ముగ్గురి పేర్లూ ఇలాగే చూడండి.

గ్యారంటీ అంటే గుర్తొచ్చింది, ఇన్సూరెన్స్ బ్యాక్డ్ గ్యారంటీ అడగండి. మామూలు గ్యారంటీ కంపెనీతోనే పోతుంది, ఇది కంపెనీ మూతపడ్డాక కూడా ఇన్సూరెన్స్ వాళ్లు చూసుకుంటారు. అయితే కంపెనీ నడుస్తూనే ఉండి మీ ఫోన్ ఎత్తకపోతే ఇది పని చెయ్యదు, అక్కడ పనికొచ్చేది ఇందాక చెప్పిన డీజీసీఓఎస్ లాంటి స్కీముల్లో ఉండే ఫిర్యాదు దారి. రెండూ ఉంటే మంచిది.

వాళ్లు కట్టిన కన్సర్వేటరీ ఒకటి వెళ్లి చూడండి, పోయిన నెలలో కట్టింది కాదు, నాలుగైదేళ్లయింది. కొత్తవన్నీ బాగానే ఉంటాయి, ఇంటి గోడకీ కన్సర్వేటరీ కప్పుకీ కలిసే చోట సీసం రేకు వేస్తారు కదా, అక్కడ మరక ఉందేమో, తలుపులు నేలకి రాసుకుంటున్నాయేమో చూడండి. బంకమట్టి నేలలో పునాది లోతు చాలకపోతే ఇంటి గోడ నుంచి అది విడిపోవడం అక్కడే మొదలు కనపడుతుంది. కారినప్పుడు పిలిస్తే వచ్చారా అని ఇంటివాళ్లని అడగండి, అసలు కారలేదా అని కాదు.

డబ్బు సంగతి. అడ్వాన్స్ పది శాతం చుట్టూ, అది క్రెడిట్ కార్డ్ మీద. 1974 కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్ సెక్షన్ 75 కింద 100 పౌండ్లు దాటి 30 వేల లోపు ఖరీదుకి, అందులో కొంత భాగమే కార్డ్ మీద కట్టినా, మొత్తం కాంట్రాక్ట్‌కి కార్డ్ కంపెనీ కూడా బాధ్యురాలు. ఆ రాత్రి 500 డెబిట్ కార్డ్ మీద కట్టడం వల్ల ఈ రక్షణ రాలేదు. కాంట్రాక్ట్ ఎవరి పేరు మీద ఉందో కార్డ్ కూడా వాళ్లదే అయ్యుండాలి, డబ్బు నేరుగా ఆ కంపెనీకే వెళ్లాలి. తర్వాత పునాది అయ్యాక కొంత, ఫ్రేములు మీ ఇంటి ముందు దిగాక పెద్ద వాయిదా (ఫ్యాక్టరీలో మీ కొలతకి చేసినవి కాబట్టి వాళ్లు అడగడంలో న్యాయం ఉంది), కప్పు పడ్డాక కొంత. చివరి పది శాతం మాత్రం చిన్న చిన్న రిపేర్లన్నీ అయ్యి, కరెంటు సర్టిఫికెట్, గ్యారంటీ కాగితాలు చేతికొచ్చాకే.

ప్లానింగ్ గురించి ఎవరూ మీకు చెప్పలేదనుకుంటా. సెమీ డిటాచ్డ్‌కి వెనక 3 మీటర్ల దాకా మామూలుగా పర్మిటెడ్ డెవలప్‌మెంట్, అంటే ప్లానింగ్ పర్మిషన్ అడక్కుండా కట్టుకునే హక్కు, మీరు మూడున్నర అంటున్నారు. ఆ అర మీటర్ కోసం కౌన్సిల్‌కి ప్రయర్ అప్రూవల్ (ముందస్తు ఆమోదం) దరఖాస్తు పెట్టాలి, 42 రోజులు పడుతుంది, పక్కవాళ్లకి కూడా చెప్తారు. పైగా మీది 2012 ఎస్టేట్, అలాంటివాటిలో కొన్నిటికి ఆ హక్కే తీసేసి ఉంటుంది, కౌన్సిల్ సైట్‌లో మీ ఎస్టేట్ పర్మిషన్ కాగితం తీసి షరతులు చదవండి. సరిహద్దు దగ్గర గోడ కట్టినా, పక్కింటికి 3 మీటర్ల లోపు వాళ్ల పునాది కంటే లోతుగా తవ్వినా 1996 పార్టీ వాల్ యాక్ట్ (ఉమ్మడి గోడల చట్టం) కింద పక్కింటివాళ్లకి నెల ముందు నోటీసు ఇవ్వాలి. మూడు మీటర్లకి తగ్గించుకుంటే తలనొప్పి సగం తగ్గుతుంది, ఒక కుర్చీ తక్కువ పడుతుంది, అంతే.

ఒక ఇబ్బందికరమైన ప్రశ్న అడుగుతా. మీ గార్డెన్ ఏ వైపుకి ఉందో రాయలేదు. డిసెంబర్‌లో అక్కడ సూర్యుడు ఎనిమిది దాటాక ఆగ్నేయం మూల లేస్తాడు, నాలుగయ్యేసరికి చీకటి. ఉత్తరం వైపు గార్డెన్ అయితే అత్తయ్యగారు ఉండే నెలల్లో ఆ గదిలోకి ఎండే రాదు, పాలీకార్బొనేట్ (ప్లాస్టిక్) కప్పు వేస్తే వాన చప్పుడుకి ఫోన్‌లో మాట్లాడలేరు, హీటర్ లేకుండా జనవరిలో కూర్చోలేరు. దక్షిణం అయితే అంతా మారిపోతుంది, చలికాలం మధ్యాహ్నాలు బాగుంటాయి, జూలైలో మాత్రం మండిపోతుంది, కప్పుకి సోలార్ కంట్రోల్ గ్లాస్ (ఎండ వేడిని తగ్గించే అద్దం) వేయించుకోవాలి. ఎండ రాని వైపు అయితే ఆ 25 వేలకి ఇంకొంత కూడబెట్టి రెండేళ్లాగి సరైన ఎక్స్‌టెన్షన్ కట్టించుకోవడం కూడా ఒక దారే, ఏడాది పొడవునా వాడుకునే గది అవుతుంది, కాకపోతే ఈ చలికాలానికి ఏమీ ఉండదు.

అక్టోబర్‌కి అందించాలన్న తొందర ఒక్కటి పక్కన పెట్టగలిగితే మీ సమస్య సగం తేలికవుతుంది. ఆ తొందర వల్లే పదహారు వారాలు అన్నవాళ్లు మీకు చెడ్డగా, రేపే మొదలెడతా అన్నవాళ్లు మంచిగా కనపడుతున్నారు. ఈ చలికాలం ఇంట్లో ఎండ పడే గది ఏదుందో చూసి అక్కడ అత్తయ్యగారికి మంచి కుర్చీ, చిన్న హీటర్ పెట్టండి, వాళ్లున్నప్పుడే మామయ్యగారిని కూర్చోబెట్టుకుని కొటేషన్లు చదవండి, స్థలం అమ్మిన మనిషికి కాగితం చూడ్డం బాగా తెలిసే ఉంటుంది. ఒప్పుకుంటే వసంతంలో పని మొదలుపెట్టించొచ్చు. లేదు ఇప్పుడే కావాలి అంటే మూడో కంపెనీకి ఆర్డర్ ఇచ్చి వాళ్లు డిసెంబర్ అన్నా సరే అనుకోవడం ఇంకో దారి, చలిలో పునాది పని ఆలస్యమవుతుందని ముందే లెక్క వేసుకోండి.

ఎవరికిచ్చినా కొటేషన్‌లో పునాది లోతు, కప్పు అద్దం రకం, డ్రెయిన్ పని, కరెంటు, ఫ్లోరింగ్, ప్లాస్టరింగ్, చెత్త తీసుకెళ్లే స్కిప్ ఒక్కొక్కటి వేరు వేరుగా రాయించండి, అప్పుడే 13,500కీ 24,600కీ తేడా ఎక్కడుందో కనపడుతుంది. పని మొదలయ్యే ముందు హోమ్ ఇన్సూరెన్స్ వాళ్లకి ఒక ఈమెయిల్ పెట్టండి, మార్ట్‌గేజ్ బ్యాంకుకి కూడా చెప్పాలేమో వాళ్ల షరతుల్లో చూడండి.